షేర్డ్ ఫోల్డర్ దారి ఎక్కడ తెగింది? వర్చువల్ మెషిన్‌కూ హోస్ట్‌కూ మధ్య ఫైళ్ల చిక్కులు

వర్చువల్ మెషిన్‌లోని ఫైలూ, దాన్ని నడుపుతున్న కంప్యూటర్‌లోని ఫైలూ చాలాసార్లు ఒకే డిస్కు మీద ఉంటాయి. అయినా ఒకటి రెండోదానికి కనిపించదు. ఇది లోపం కాదు. వర్చువల్ మెషిన్ పుట్టిందే అందుకు. లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తనదే సొంత కంప్యూటర్ అన్నట్టు ఉంటుంది. బయటి కంప్యూటర్‌కు మాత్రం దాని డిస్కు మొత్తం కలిపి ఒక పెద్ద ఫైలు, అంతే. ఈ రెండింటి మధ్య ఉన్న గోడకు కావాలని పెట్టుకున్న కిటికీయే షేర్డ్ ఫోల్డర్. ఆ కిటికీ తెరుచుకోనప్పుడు చాలామంది మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి కూర్చుంటారు. దానికి సగం రోజు పోతుంది. చాలాసార్లు సమస్య మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే ఏది తెగిందో చూడకుండానే అన్నీ మార్చేశారు.

షేర్డ్ ఫోల్డర్ చూడ్డానికి ఒకే వస్తువులా ఉన్నా, దాని వెనక పని చాలా చేతులు మారుతుంది. ముందు హోస్ట్‌లో, అంటే అసలు కంప్యూటర్‌లో, ఒక ఫోల్డర్‌ను ఎంచుకుని దానికి షేర్ పేరు పెడతారు. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ లాంటి హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లను నడిపే ప్రోగ్రామ్) ఆ పేరును లోపలి సిస్టమ్‌కు, అంటే గెస్ట్‌కు, అందుబాటులో ఉంచుతుంది. గెస్ట్‌లోని ప్రత్యేక డ్రైవర్ దాన్ని అందుకుంటుంది. తర్వాత దాన్ని గెస్ట్‌లో ఒక చోట మౌంట్ చేయాలి, అంటే అక్కడ తెరుచుకునేలా తగిలించాలి. ఆఖరున, లాగిన్ అయిన యూజర్‌కు ఆ చోటు తెరిచే పర్మిషన్ ఉండాలి. ఈ ఐదింటిలో ఏది తెగినా వినిపించే ఫిర్యాదు ఒకటే: షేరింగ్ పనిచేయడం లేదు.

అందుకే మొదట చేయాల్సింది ఆ ఫిర్యాదును విడదీయడం. ఫోల్డర్ అసలు కనిపించడం లేదా? కనిపిస్తున్నా తెరుచుకోవడం లేదా? తెరుచుకుంటున్నా లోపలి ఫైళ్లు తేడాగా ప్రవర్తిస్తున్నాయా? ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులు కూడా వేరు. మొదటిది ఎక్కువగా డ్రైవర్ సమస్య, రెండోది పర్మిషన్ల సమస్య. మూడోదాన్ని సమస్య అనడం కంటే షేర్డ్ ఫోల్డర్ స్వభావం అనడమే సరైంది.

అసలు కనిపించనప్పుడు

డ్రైవర్‌ను వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్ అంటారు, వీఎంవేర్‌లో వీఎంవేర్ టూల్స్ అంటారు. లినక్స్ గెస్ట్‌లలో వీఎంవేర్ టూల్స్‌కు బదులు ఓపెన్ వీఎం టూల్స్ అనే ప్యాకేజీ వాడతారు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. గెస్ట్ అడిషన్స్‌ను ఇన్‌స్టాల్ చేయాల్సింది గెస్ట్ లోపల. వర్చువల్‌బాక్స్ మెనూలో గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్‌ను ఇన్సర్ట్ చేసే ఆప్షన్ నొక్కితే పని అయిపోయినట్టు కాదు. గెస్ట్ సీడీ డ్రైవ్‌లో ఒక డిస్కు పెట్టినట్టు మాత్రమే. గెస్ట్‌లోకి వెళ్లి, ఆ సీడీని తెరిచి, ఇన్‌స్టాలర్‌ను నడిపి, గెస్ట్‌ను రీస్టార్ట్ చేయాలి.

లినక్స్ గెస్ట్‌లో తరచూ జరిగేది ఇది. నిన్న సాయంత్రం దాకా ఫోల్డర్ బాగానే తెరుచుకుంది. రాత్రి అప్‌డేట్లు వచ్చాయి. పొద్దున మెషిన్ ఆన్ చేస్తే ఫోల్డర్ ఖాళీ. చేత్తో మౌంట్ కమాండ్ ఇస్తే "నో సచ్ డివైస్" అని జవాబు. ఎవరూ ఏ సెట్టింగూ ముట్టుకోలేదు కాబట్టి టెన్షన్ మొదలవుతుంది: ఫైళ్లు పోయాయా? పోలేదు, అవి హోస్ట్‌లో ఎక్కడివక్కడే ఉన్నాయి. జరిగిందల్లా ఒకటే. అప్‌డేట్లలో కొత్త కెర్నల్, అంటే లినక్స్ అసలు గుండెకాయ, వచ్చింది. షేర్డ్ ఫోల్డర్‌ను నడిపే వీబాక్స్ఎస్ఎఫ్ అనే మాడ్యూల్ (కెర్నల్‌కు జతయ్యే డ్రైవర్) మాత్రం పాత కెర్నల్ కోసం కంపైల్ అయి ఉంది. కొత్త కెర్నల్ దాన్ని లోడ్ చేసుకోదు.

మాడ్యూల్ మళ్లీ కంపైల్ కావాలంటే గెస్ట్‌లో కంపైల్ చేసే జీసీసీ, మేక్ అనే టూల్స్, వాటితోపాటు ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ వెర్షన్‌కు సరిగ్గా సరిపోయే హెడర్స్ ప్యాకేజీ ఉండాలి. "సరిగ్గా" అన్న మాట ముఖ్యం. పాత వెర్షన్ హెడర్స్ ఉంటే లేనట్టే. హెడర్స్ దొరక్క కంపైలేషన్ ఆగిపోయినా ఇన్‌స్టాలర్ చివరిదాకా నడిచినట్టే అనిపించవచ్చు. స్క్రీన్ మీద వేగంగా దొర్లిపోయే వరుసల్లో ఆ హెచ్చరిక ఎవరి కంటా పడదు. అసలు కబురు లాగ్ డైరెక్టరీలోని వీబాక్స్‌యాడ్ సెటప్ లాగ్‌లో ఉంటుంది. దాన్ని తెరిచి చూడటానికి రెండు నిమిషాలు చాలు, మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి పూట పడుతుంది. కెర్నల్ వెర్షన్‌ను యూనేమ్ కమాండ్ చెబుతుంది, లోడ్ అయిన మాడ్యూళ్ల జాబితాను ఎల్ఎస్‌మాడ్ ఇస్తుంది. ఆ జాబితాలో వీబాక్స్ఎస్ఎఫ్ లేకపోతే పర్మిషన్లు, సెట్టింగులు చూడటం దండగ.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. 2020లో వచ్చిన లినక్స్ 5.6 నుంచి వీబాక్స్ఎస్ఎఫ్ డ్రైవర్ అసలు కెర్నల్‌లోనే భాగమైంది. అంటే చాలా కొత్త డిస్ట్రిబ్యూషన్లలో గెస్ట్ అడిషన్స్ లేకుండానే మాడ్యూల్ దొరుకుతుంది. కానీ ఫోల్డర్‌ను దానంతట అదే మౌంట్ చేసే పని కెర్నల్‌ది కాదు. గెస్ట్ అడిషన్స్‌తో వచ్చే వీబాక్స్ సర్వీస్ అనే ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది. అందుకే చేత్తో మౌంట్ చేస్తే ఫోల్డర్ వస్తుంది, ఆటో మౌంట్ టిక్ పెడితే మాత్రం రాదు. ఇలా జరిగితే డ్రైవర్‌ను అనుమానించకుండా ఆ సర్వీస్ నడుస్తోందో లేదో చూడాలి.

ఎర్రర్ మెసేజ్‌లు కంటికి విసుగనిపించినా, తెగిన చోటును ఇంచుమించు వేలుపెట్టి చూపిస్తాయి. "నో సచ్ డివైస్" అంటే మాడ్యూల్ లేదు. "రాంగ్ ఎఫ్ఎస్ టైప్" అని పెద్ద వాక్యం వస్తే చాలావరకు మౌంట్‌కు సాయపడే చిన్న ప్రోగ్రామ్ గెస్ట్‌లో లేదని అర్థం, అంటే గెస్ట్ అడిషన్స్ పూర్తిగా ఇన్‌స్టాల్ కాలేదు. "ప్రోటోకాల్ ఎర్రర్" అంటే డ్రైవర్ బాగానే ఉంది, అది అడిగిన పేరుతో హోస్ట్‌లో షేర్ లేదు. మౌంట్ కమాండ్‌లో రాయాల్సింది హోస్ట్‌లోని ఫోల్డర్ పాత్ కాదు, దానికి పెట్టిన షేర్ పేరు. ఈ తేడా తెలియక పాత్‌ను అటూ ఇటూ మార్చి మార్చి రాసి అలసిపోయేవాళ్లు ఎందరో. పేర్లలో ఖాళీలు లేకుండా, అన్నీ చిన్న అక్షరాల్లో చిన్న పేరు పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

పేరు గెస్ట్ దాకా వచ్చిందో లేదో నేరుగా అడిగి తెలుసుకునే వీలూ ఉంది. వీఎంవేర్‌లో లినక్స్ గెస్ట్ టెర్మినల్ తెరిచి వీఎంవేర్ హెచ్‌జీఎఫ్ఎస్ క్లయింట్ కమాండ్ నడిపితే షేర్ పేర్లు ఒక్కో వరుసలో వస్తాయి. వర్చువల్‌బాక్స్‌లో వీబాక్స్ కంట్రోల్ కమాండ్‌తో షేర్డ్ ఫోల్డర్ల జాబితా అడగవచ్చు. జాబితాలో పేరు ఉందంటే హోస్ట్, హైపర్‌వైజర్ రెండూ తమ పని చేసినట్టే. మిగిలింది ఫోల్డర్ డ్రైవర్, మౌంట్, పర్మిషన్. సగం అనుమానాలను ఒక్క కమాండ్ తీర్చేస్తుంది కాబట్టి మిగతా పరీక్షలన్నిటికంటే ముందు ఇదే చేయడం మంచిది. జాబితా ఖాళీగా వస్తే హోస్ట్ వైపు చూడాలి. వీఎంవేర్‌లో షేర్డ్ ఫోల్డర్లు మొదట్లో ఆఫ్‌లోనే ఉంటాయి, వర్చువల్ మెషిన్ సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి.

విండోస్ గెస్ట్‌లో మౌంట్ గొడవ తక్కువ. ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌ల తర్వాత వర్చువల్‌బాక్స్‌కైతే వీబాక్స్ఎస్‌వీఆర్ అనీ, వీఎంవేర్‌కైతే వీఎంవేర్ హైఫన్ హోస్ట్ అనీ టైప్ చేస్తే షేర్లు కనిపించాలి. ఇవి నెట్‌వర్క్ కంప్యూటర్ల పేర్లలా ఉన్నా నిజమైన నెట్‌వర్క్‌తో వీటికి సంబంధం లేదు. వర్చువల్ మెషిన్‌కు నెట్‌వర్క్ కార్డు తీసేసినా ఇవి పనిచేస్తాయి.

కేవీఎం, హైపర్-వీ దారులు వేరు

లినక్స్ హోస్ట్ మీద కేవీఎం (లినక్స్ కెర్నల్‌లోనే ఉన్న హైపర్‌వైజర్) వాడేవాళ్లకు రెండు పద్ధతులు కనిపిస్తాయి. పాతది 9పీ. బెల్ ల్యాబ్స్ వాళ్ల ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పుట్టిన ప్రోటోకాల్ అది. కొత్తది వర్ట్ఐఓ ఎఫ్ఎస్. 2019లో లినక్స్ 5.4తో కెర్నల్‌లోకి వచ్చింది, వేగంలోనూ నమ్మకంలోనూ మెరుగు. దాని షరతు ఒకటి చాలామందిని ఆపేస్తుంది: హోస్ట్, గెస్ట్ రెండూ మెమరీని పంచుకునేలా వర్చువల్ మెషిన్‌ను అమర్చాలి. కేవీఎం మెషిన్లను అమర్చే వర్ట్ మేనేజర్ ప్రోగ్రామ్‌లో మెమరీ పేజీలో షేర్డ్ మెమరీ టిక్ పెట్టకపోతే ఫోల్డర్ సంగతి పక్కన పెట్టండి, మెషినే స్టార్ట్ కాదు. విండోస్ గెస్ట్ అయితే వర్ట్ఐఓ డ్రైవర్లతోపాటు విన్ఎఫ్ఎస్‌పీ అనే ప్రోగ్రామ్ కూడా ఇన్‌స్టాల్ చేయాలి.

మైక్రోసాఫ్ట్ వాళ్ల హైపర్-వీలో వర్చువల్‌బాక్స్ తరహా షేర్డ్ ఫోల్డర్ కోసం మెనూలన్నీ వెతికినా దొరకదు. దాని బదులు ఎన్‌హాన్స్‌డ్ సెషన్ ఉంది. అది లోపల రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతే. కనెక్ట్ అయ్యే ముందు వచ్చే చిన్న విండోలో లోకల్ రిసోర్సెస్‌కు వెళ్లి హోస్ట్ డ్రైవ్‌ను ఎంచుకుంటే అది గెస్ట్‌లో కనిపిస్తుంది. ఆ విండో మూస్తే డ్రైవ్ కూడా పోతుంది. కాబట్టి రాత్రంతా నడవాల్సిన బ్యాకప్‌ను దాని మీద పెట్టకూడదు. పవర్‌షెల్‌లో కాపీ వీఎంఫైల్ కమాండ్ కూడా ఉంది గానీ అది హోస్ట్ నుంచి గెస్ట్‌కు మాత్రమే పంపుతుంది. దానికి ముందు ఇంటిగ్రేషన్ సర్వీసెస్‌లో గెస్ట్ సర్వీసెస్‌ను ఆన్ చేయాలి, మొదట్లో అది ఆఫ్‌లో ఉంటుంది.

కనిపిస్తుంది, తెరుచుకోదు

లినక్స్ గెస్ట్‌లో వర్చువల్‌బాక్స్ ఆటో మౌంట్ చేసిన ఫోల్డర్ మీడియా డైరెక్టరీ కింద, పేరుకు ముందు ఎస్ఎఫ్ అండర్‌స్కోర్ చేర్చుకుని వస్తుంది. దాని యజమాని రూట్ (లినక్స్‌లో అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ యూజర్), గ్రూపు వీబాక్స్ఎస్ఎఫ్. ఆ గ్రూపులో లేని యూజర్ దాన్ని క్లిక్ చేస్తే "పర్మిషన్ డినైడ్" తప్ప ఏమీ రాదు. యూజర్‌ను గ్రూపులో చేర్చాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. చేర్చిన తర్వాత కూడా అదే ఎర్రర్ వస్తే ఏం చేయాలో తోచదు. గ్రూపు సభ్యత్వాన్ని లినక్స్ లాగిన్ అయ్యేటప్పుడు మాత్రమే చదువుతుంది. ఇప్పుడు నడుస్తున్న సెషన్‌కు కొత్త గ్రూపు సంగతి తెలియదు. టెర్మినల్‌లో ఐడీ అని రెండక్షరాలు కొడితే ప్రస్తుత సెషన్‌కు ఉన్న గ్రూపులు వరుసగా వస్తాయి. ఆ వరుసలో వీబాక్స్ఎస్ఎఫ్ లేకపోతే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. కొత్త టెర్మినల్ తెరిస్తే చాలదు.

వీఎంవేర్‌లో ఇదే చిక్కు వేరే రూపంలో వస్తుంది. అక్కడ ఫోల్డర్‌ను ఫ్యూజ్ అనే పద్ధతిలో మౌంట్ చేస్తారు. ఫ్యూజ్ నియమం ప్రకారం మౌంట్ చేసినవాళ్లు తప్ప ఇంకెవరూ, చివరికి రూట్ కూడా, లోపలికి చూడలేరు. సుడో కమాండ్‌తో, అంటే రూట్ అధికారంతో, మౌంట్ చేశారంటే చేసింది రూట్. అప్పుడు మామూలు యూజర్ బయటే నిలబడతాడు. అలౌ అదర్ అనే ఆప్షన్ ఇస్తే తలుపు తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ తప్పనో డ్రైవర్ పాడైందనో వెతికేవాళ్లకు ఈ ఒక్క ఆప్షన్ చాలా శ్రమ తప్పిస్తుంది.

కొన్నిసార్లు తలుపు వేసింది హోస్టే. కేవీఎం మెషిన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ సిస్టమ్ స్థాయిలో నడిపే మెషిన్లు సాధారణంగా మనం లాగిన్ అయిన యూజర్ పేరుతో నడవవు, వాటికి వేరే యూజర్ ఉంటాడు. 9పీతో హోమ్ డైరెక్టరీలోని ఫోల్డర్‌ను షేర్ చేస్తే ఆ యూజర్‌కు హోమ్ గడప దాటే అనుమతే ఉండకపోవచ్చు. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీలు ఇతరులకు మూసే ఉంటాయి. ఫెడోరా లాంటి వాటిలో మామూలు పర్మిషన్లు బాగున్నా ఎస్ఈలినక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థ పెట్టే లేబుల్ అడ్డుపడవచ్చు. దాన్ని పూర్తిగా ఆఫ్ చేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. ఒక ఫోల్డర్ కోసం ఇల్లంతా తాళం తీసి పెట్టడం సరైన పని కాదు. ఆ ఫోల్డర్ లేబుల్‌ను మాత్రం మారిస్తే సరిపోతుంది. మ్యాక్ హోస్ట్ అయితే 2019లో వచ్చిన కాటలీనా నుంచి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లకు ప్రతి యాప్ విడిగా అనుమతి తీసుకోవాలి. మ్యాక్ ఆ అనుమతి అడిగినప్పుడు చదవకుండా వద్దని నొక్కి ఉంటే, వర్చువల్ మెషిన్ ఆ ఫోల్డర్ దగ్గరికి చేరలేదు. ప్రైవసీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చాలి.

తెరుచుకుంటుంది, కానీ తేడాగా ఉంటుంది

ఇక్కడికి వచ్చేసరికి ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. షేర్డ్ ఫోల్డర్ డిస్కు కాదు. లినక్స్ గెస్ట్ అడిగే ప్రతి ప్రశ్ననూ హోస్ట్ భాషలోకి తర్జుమా చేసి, జవాబును తిరిగి తెచ్చే ఏర్పాటు అది. ఆ తర్జుమాలో కొన్ని సంగతులు ఎప్పుడూ జారిపోతాయి.

ఎస్ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) ప్రైవేట్ కీని విండోస్ హోస్ట్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, లినక్స్ గెస్ట్ నుంచి వాడబోతే ఇది కళ్లకు కడుతుంది. కీ ఫైలు పర్మిషన్లు మరీ తెరిచి ఉన్నాయని ఎస్ఎస్‌హెచ్ దాన్ని వాడనంటుంది. అలవాటు ప్రకారం, యజమానికి తప్ప అందరికీ ఫైలు మూసేసే సీహెచ్‌మాడ్ 600 కమాండ్ ఇస్తారు. ఎర్రర్ రాకపోయినా, మళ్లీ చూస్తే పర్మిషన్లు ముందున్నట్టే ఉంటాయి. విండోస్‌లో లినక్స్ పర్మిషన్లు దాచే చోటు లేదు. గెస్ట్‌కు కనిపించేవి మౌంట్ చేసేటప్పుడు మొత్తం ఫోల్డర్‌కు ఒకేసారి ఇచ్చిన పర్మిషన్లు. కీని గెస్ట్ హోమ్ డైరెక్టరీలోకి కాపీ చేసి అక్కడ సీహెచ్‌మాడ్ చేస్తే ఒక్క నిమిషంలో పని అయిపోతుంది. కోడ్ మార్పులను గుర్తుపెట్టుకునే గిట్ రిపాజిటరీలో ఏమీ మార్చకుండానే ఫైళ్లన్నీ మారినట్టు చూపించడానికీ చాలాసార్లు ఇదే కారణం.

వేరే ఫైలుకు దారి చూపే సింబాలిక్ లింకుల కథ కూడా ఇలాంటిదే. వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్‌లో గెస్ట్ లింకులు సృష్టించడాన్ని భద్రత కోసం ముందే ఆపేసి ఉంచారు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే ఇది గుర్తుకు రావాలి. ఒక సెట్టింగ్‌తో తెరవవచ్చు గానీ, గెస్ట్‌ను పూర్తిగా నమ్మినప్పుడే తెరవాలి. ఇక పేర్లు: లినక్స్‌కు పెద్దక్షరం, చిన్నక్షరం వేరు. విండోస్‌కు మామూలుగా రెండూ ఒకటే. లినక్స్‌లో ఫైలు పేరులో కోలన్ ఉండొచ్చు, విండోస్‌లో కుదరదు. టైమ్ పేరులోనే రాసుకునే లాగ్ ఫైళ్లు అందుకే షేర్డ్ ఫోల్డర్‌లో సేవ్ కావు.

వెబ్ డెవలపర్లను ఏళ్ల తరబడి విసిగించిన సమస్య ఇంకొకటి. వర్చువల్‌బాక్స్ గెస్ట్‌లో ఎన్జిన్ఎక్స్ గానీ అపాచీ గానీ ఏదో వెబ్ సర్వర్ నడుస్తోంది, సైటు ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్నాయి. హోస్ట్‌లో సీఎస్ఎస్ ఫైలు మార్చి సేవ్ చేస్తారు. బ్రౌజర్‌లో పాతదే వస్తుంది, లేదా చివర్లో చెత్త అక్షరాలతో వస్తుంది. బ్రౌజర్ క్యాషే ఖాళీ చేసినా ఫలితం ఉండదు. సర్వర్ వేగం కోసం వాడే సెండ్‌ఫైల్ అనే సదుపాయానికీ షేర్డ్ ఫోల్డర్‌కూ పొసగదు. సర్వర్ సెట్టింగుల్లో సెండ్‌ఫైల్‌ను ఆఫ్ చేస్తే సరిపోతుంది. ఫైలు మారగానే తానే రీలోడ్ కావాల్సిన టూల్స్ కదలకపోవడం దీనికి చుట్టరికమే. హోస్ట్‌లో జరిగిన మార్పు కబురు గెస్ట్‌కు అందదు. ఆ టూల్‌లో పోలింగ్ (మార్పు ఉందేమోనని తానే పదేపదే చూసుకోవడం) ఆప్షన్ ఉంటే ఆన్ చేయాలి, కాస్త నెమ్మదైనా పని నడుస్తుంది. డేటాబేస్ ఫైళ్లను మాత్రం ఏ సెట్టింగుతోనూ షేర్డ్ ఫోల్డర్‌లో నడపకూడదు. ఫైల్ లాకింగ్‌ను షేర్డ్ ఫోల్డర్ నమ్మకంగా చేయలేదు, పోయిన డేటాను ఏ ఆప్షనూ వెనక్కి తేలేదు.

నెట్‌వర్క్ మీదుగా

షేర్డ్ ఫోల్డర్ వద్దనుకుంటే మామూలు నెట్‌వర్క్ షేరింగ్ ఉంది. కాకపోతే ఏ మోడ్‌లో ఉన్నారో ముందు తెలుసుకోవాలి. వర్చువల్‌బాక్స్ ఎన్ఏటీ మోడ్‌లో (గెస్ట్ హోస్ట్ చాటున నెట్‌వర్క్ వాడే మోడ్) మొదటి నెట్‌వర్క్ కార్డుకు సాధారణంగా 10.0.2.15 అడ్రస్ వస్తుంది, గెస్ట్‌కు హోస్ట్ 10.0.2.2గా కనిపిస్తుంది. గెస్ట్ నుంచి హోస్ట్‌కు దారి ఉంది, హోస్ట్ నుంచి గెస్ట్‌కు లేదు. అటు నుంచి కూడా కావాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాలి, లేదా హోస్ట్ ఓన్లీ నెట్‌వర్క్ జోడించాలి. పింగ్ రాలేదని నిరాశపడక్కర్లేదు. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబు ఇవ్వకుండా ఆపడం మామూలే. ఫైల్ షేరింగ్ నడిచేది 445 పోర్టు మీద, పరీక్షించాల్సింది దాన్ని. నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంటే విండోస్ ఆ పోర్టునూ మూసేస్తుంది.

పాత విండోస్ ఎక్స్‌పీని వర్చువల్ మెషిన్‌గా నడిపేవాళ్లకు ఇక్కడ ఇంకో గోడ ఎదురవుతుంది. ఎక్స్‌పీకి వచ్చింది విండోస్ ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్ ఎస్ఎంబీ మొదటి వెర్షన్ ఒక్కటే. 2017 మేలో వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లను బంధించి డబ్బు అడిగే ప్రోగ్రామ్) పాకింది ఆ వెర్షన్‌లోని లోపం ద్వారానే. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో ఆ వెర్షన్ మామూలుగా ఉండదు. దాన్ని హోస్ట్‌లో మళ్లీ ఆన్ చేయడం కంటే, హైపర్‌వైజర్ షేర్డ్ ఫోల్డర్ వాడటం ఎంతో క్షేమం. అనుమానం ఉన్న ప్రోగ్రామ్‌లను పరీక్షించే మెషిన్ అయితే ఆ షేర్‌ను రీడ్ ఓన్లీగా పెట్టాలి. గెస్ట్‌లో చొరబడ్డ రాన్సమ్‌వేర్‌కు షేర్డ్ ఫోల్డర్ కూడా ఇంకో ఫోల్డరే. వెనక్కి వెళ్లడానికి మెషిన్ స్థితిని దాచి ఉంచిన స్నాప్‌షాట్ ఉందిలే అన్న ధీమా కూడా పనికిరాదు. షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైళ్లు స్నాప్‌షాట్‌లో ఉండవు.

గెస్ట్ అసలు బూట్ కాక, లోపల ఉండిపోయిన ఒక్క ఫైలు అత్యవసరంగా కావాల్సి వస్తే, పైన చెప్పిన దారులేవీ పనికిరావు. అప్పుడు మెషిన్‌ను పూర్తిగా పవర్ ఆఫ్ చేయాలి, సస్పెండ్ చాలదు. దాని డిస్కు ఫైలును వేరే మంచి వర్చువల్ మెషిన్‌కు రెండో డిస్కుగా తగిలించవచ్చు. లినక్స్ హోస్ట్ అయితే లిబ్‌గెస్ట్ఎఫ్ఎస్ అనే టూల్స్‌లోని గెస్ట్‌మౌంట్ కమాండ్‌తో రీడ్ ఓన్లీగా తెరవవచ్చు. నడుస్తున్న మెషిన్ డిస్కును మాత్రం బయటి నుంచి రాసేలా ఎప్పుడూ మౌంట్ చేయకూడదు. ఒకే ఫైల్ సిస్టమ్ మీద ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు రాస్తే అది పాడైపోతుంది, కావాల్సిన ఫైలు కూడా దానితోపాటే పోవచ్చు. ఆ డిస్కు ఫైలుకు ముందే ఒక కాపీ తీసుకుని, ఆ కాపీ మీదే వెతకాలి.